హ్యాండ్‌బ్రేక్: వీడియో మార్చే ముందు డబ్బా ఏదో, కూర ఏదో చూసుకోండి

టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మ వస్తుంది, మాట రాదు. లేదా అసలు ఫైల్ పేరే కనిపించదు. అప్పుడు పక్కనున్నవాళ్ళు చెప్పే మాట ఒకటే: "హ్యాండ్‌బ్రేక్ వేసుకుని కన్వర్ట్ చెయ్యి." సలహా చెడ్డదేం కాదు. వీడియోల ఫార్మాట్ మార్చే ఈ సాఫ్ట్‌వేర్ డబ్బులు అడగదు, ప్రకటనలు చూపదు, వీడియో మూలన తన ముద్ర వేయదు, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇప్పుడు చాలామంది పేరు కూడా వినని బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 2003లో పుట్టి, 1.0 అని అనిపించుకోవడానికి 2016 డిసెంబర్ దాకా ఆగిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ నిదానం వాడేటప్పుడు తెలుస్తుంది, అరుదుగా తప్ప క్రాష్ కాదు.

అయితే ఫార్మాట్ మార్చాలని దీని దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందికి ఇది అక్కర్లేదు. ఆ సంగతి ముందు తేల్చుకోవాలి.

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంటీఎస్ ఇవన్నీ డబ్బాల పేర్లు. లోపలున్న కూర వేరు: బొమ్మకి హెచ్.264, హెచ్.265, ఎంపెగ్-2, మాటకి ఏఏసీ, ఏసీ3, డీటీఎస్. ఎంకేవీ డబ్బాలో హెచ్.264 బొమ్మ, ఏఏసీ మాట ఉంటే, దాన్ని ఎంపీ4 చెయ్యడమంటే కూరని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచడమే. క్వాలిటీ ఒక్క పిసరు తగ్గదు, రెండు గంటల వీడియోకి ఒకట్రెండు నిమిషాలు చాలు. హ్యాండ్‌బ్రేక్‌కి ఈ వంచడం రాదు. ఏ ఫైల్ ఇచ్చినా బొమ్మని మొదట్నుంచీ మళ్ళీ వండుతుంది. మాటని ఉన్నదున్నట్టు దాటించే పాస్‌త్రూ ఉంది గానీ బొమ్మకి అలాంటిది లేదు. అంటే గంటల తరబడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోగుతుంది, చివరికి చేతికొచ్చేది అసలు కంటే కాస్త తక్కువ రకం కాపీ.

కాబట్టి ముందు లోపలేముందో చూడండి. వీఎల్‌సీలో వీడియో తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కితే కోడెక్ వివరాలు, అంటే లోపలి కూర ఏ రకమో, వస్తాయి. ఇంకా వివరంగా కావాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత టూల్ ఉంది. బొమ్మ హెచ్.264, మాట ఏఏసీ అని కనిపించి డబ్బా మాత్రమే అడ్డమైతే లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అవుట్‌పుట్ ఫార్మాట్‌ని ఎంపీ4 చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి, అయిపోయింది. ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డ్ చేసిన ఎంకేవీ అయితే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, దాని ఫైల్ మెనూలోనే డబ్బా మార్చే రీమక్స్ రికార్డింగ్స్ ఉంది. బొమ్మ బాగానే ఉండి డీటీఎస్ మాట మాత్రం టీవీకి పడకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ టూల్‌తో బొమ్మని కాపీ, మాటని ఏఏసీ అని ఒక్క లైన్ కమాండ్‌లో చెప్పొచ్చు. ఇక ఎంకేవీ అన్న చివరి అక్షరాలు చెరిపి ఎంపీ4 అని పేరు మార్చడం కన్వర్షన్ కాదు, డబ్బా మీద చీటీ మార్చడం. కొన్ని ప్లేయర్లు మోసపోయి ప్లే చేస్తాయి, చాలా టీవీలు చెయ్యవు.

ఇంకో చిక్కు ఫార్మాట్ గొడవలా కనిపిస్తుంది, కాదు. ఫైల్ 4 జీబీ దాటితే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి అసలు కాపీ కాదు. వీడియోని పిండాల్సిన పని లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ముందు వేరే చోటికి తీసుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా గానీ ఎన్‌టీఎఫ్ఎస్‌గా గానీ ఫార్మాట్ చెయ్యండి. మీ టీవీ ఏది చదువుతుందో దాని మాన్యువల్‌లో ఉంటుంది. యూట్యూబ్‌కి ఎక్కించే వీడియోని కూడా ముందే కన్వర్ట్ చెయ్యకండి. అక్కడ ఎలాగూ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తారు, అంటే కొత్తగా వండుతారు, మీ దగ్గరున్న అసలు ఫైలే ఇవ్వండి.

మరి హ్యాండ్‌బ్రేక్ ఎప్పుడు? క్యామ్‌కార్డర్ ఎంటీఎస్ ఫైళ్ళు, ఇంట్లో పడున్న పెళ్ళి డీవీడీలు, పాత టీవీ చదవలేని హెచ్.265, సైజు తగ్గించి బయటి దేశంలో ఉన్నవాళ్ళకి పంపాల్సినవి. ఇక్కడ దీనికి సాటి వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ లేదనే చెప్పాలి. వీఎల్‌సీలోనూ కన్వర్ట్ ఉంది, కానీ అది ప్లేయర్‌కి తగిలించిన తోక లాంటిది. పొడవాటి ఫైళ్ళలో మాటా పెదవులూ కలవకపోతే ఏ సెట్టింగ్ తిప్పాలో అందులో తేలదు. ఆన్‌లైన్ కన్వర్టర్ల ఊసు వద్దు. గంట ఎంటీఎస్ సెకనుకి 24 మెగాబిట్ల లెక్కన 10.8 జీబీ అవుతుంది. అంత అప్‌లోడ్ చెయ్యడం ఒక బాధ, ఇంటి ఆడపిల్ల పెళ్ళి వీడియో ఎవరి సర్వర్‌లోనో పెట్టడం ఇంకో బాధ.

దించుకోవడం దగ్గర జాగ్రత్త. అసలు సైట్ హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్. చివర డాట్ కామ్ కాదు. అసలు సైట్‌ వాళ్ళకీ 2017 మేలో ఒక దెబ్బ తగిలింది: ఫైళ్ళ నకళ్ళు ఉంచే ఒక మిర్రర్ సర్వర్‌లోకి ఎవరో చొరబడి, మ్యాక్ ఫైల్ స్థానంలో ప్రోటాన్ అనే ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్) ఉన్న ఫైల్ పెట్టారు. 2 నుంచి 6వ తేదీ దాకా దించుకున్నవాళ్ళు జాగ్రత్తపడాలని వాళ్ళే బహిరంగంగా చెప్పారు. సైట్‌లో ప్రతి ఫైల్‌కీ చెక్‌సమ్, అంటే ఫైల్ మారలేదని తేల్చే గుర్తు సంఖ్య, ఇస్తారు, రెండు నిమిషాల పని, సరిచూసుకోండి. విండోస్‌లో డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ లేకపోతే తెరుచుకోదు. ఏ వెర్షన్ కావాలో అదే అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ సైట్‌ నుంచి వేసుకుంటే సరి.

తెరిచాక కళ్ళు తిరిగేన్ని ట్యాబ్‌లు కనిపిస్తాయి. భయపడక్కర్లేదు. ఫైల్‌ని లాక్కొచ్చి వదిలితే ఫాస్ట్ 1080పీ30 అనే ప్రీసెట్ (ముందే అమర్చిన సెట్టింగుల కట్ట) తానే పడుతుంది. మామూలు ఫోన్ వీడియోకి, హెచ్‌డీ ఫైల్‌కి అదే చాలు. డీవీడీకి మాత్రం ఫాస్ట్ 576పీ25 ఎంచుకోండి. మన డీవీడీలు పాల్ పద్ధతివి, 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. దాన్ని సాగదీసి 1080 చేస్తే సైజు పెరుగుతుంది తప్ప మొహాలు స్పష్టం కావు. ఇంకోటి, డీవీడీలోని వీఓబీ ఫైళ్ళని ఒక్కొక్కటిగా లాగకండి. అవి దాదాపు 1 జీబీ దగ్గర తెగిన ముక్కలు, మాట మధ్యలో కూడా తెగి ఉండొచ్చు. వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని వదిలితే అన్నీ కలిపి ఒకే టైటిల్‌గా చూపిస్తుంది. స్టూడియోవాళ్ళు రాసిచ్చిన పెళ్ళి డిస్కులకి సాధారణంగా తాళం ఉండదు. అంగట్లో కొన్న సినిమా డిస్కులకి ఉంటుంది, ఆ తాళం తీసే పని హ్యాండ్‌బ్రేక్ చెయ్యదు.

ఆర్ఎఫ్, అసలు సంగతి

వీడియో ట్యాబ్‌లో ఉన్న జారుడు మీటే ఈ సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయ. కాన్‌స్టెంట్ క్వాలిటీ, ఆర్ఎఫ్ అని ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. ఫాస్ట్ 1080 ప్రీసెట్‌లో 22, హెచ్‌క్యూలో 20, సూపర్ హెచ్‌క్యూలో 18. డీవీడీ లాంటి చిన్న బొమ్మకి 18 నుంచి 22, ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24, 4కేకి 22 నుంచి 28 మధ్య పెట్టుకోమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ళ సూచన. 6 అంకెలు తగ్గిస్తే సైజు దాదాపు రెట్టింపు అవుతుంది, ఇది బండగుర్తు. హెచ్.264కి పెట్టిన 22, హెచ్.265కి పెట్టిన 22 ఒకటి కావు. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఎన్‌వీఎన్‌సీ, క్విక్‌సింక్‌ల అంకెలు వేరే లెక్క. ఆపిల్ చిప్ మ్యాక్‌లలో వీడియోటూల్‌బాక్స్ అంకె తలకిందులు, ఎక్కువైతేనే మంచిది. ఎన్‌కోడర్ మార్చినప్పుడల్లా కొత్తగా పరీక్షించాల్సిందే.

మొత్తం వీడియో మార్చాక అయ్యో అనుకోవడం కంటే ఒక్క నిమిషం మార్చి చూడండి. టైటిల్ పక్కన రేంజ్ దగ్గర చాప్టర్స్ బదులు సెకండ్స్ ఎంచుకుని, 600 నుంచి 660 అని ఇస్తే ఆ నిమిషమే తయారవుతుంది. ఏ నిమిషం అన్నది ముఖ్యం. పీటల మీద కదలకుండా కూర్చున్న సీను ఎంత తక్కువ బిట్‌రేట్‌లోనైనా (సెకనుకి ఖర్చయ్యే డేటా) బాగుంటుంది. తలంబ్రాల సీను తీసుకోండి. వందల గింజలు ఒక్కోటి ఒక్కో దిక్కుకి పడుతుంటాయి, పైన పూలు, మధ్యలో ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగి ఫ్రేమంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఎన్‌కోడర్‌కి ఇంతకు మించిన గడ్డు పరీక్ష లేదు. అక్కడ బియ్యం గింజలు విడివిడిగా కనిపిస్తే ఆ ఆర్ఎఫ్ సరిపోయినట్టే. గడులు గడులుగా అలుక్కుపోతే రెండంకెలు తగ్గించండి. ఆ నిమిషం 30 ఎంబీ వస్తే గంటకి 1.8 జీబీ దాటదని కూడా లెక్కేసుకోవచ్చు, ఎందుకంటే మిగతా సీన్లు అంతకంటే తేలిక.

అర్ధరాత్రి ముహూర్తం, మసక వెలుతురు అయితే బొమ్మంతా ఇసక చల్లినట్టుంటుంది. ఆ ఇసకని కూడా ఎన్‌కోడర్ నిజమైన వివరమనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీనాయిజ్‌కి ఎన్‌ఎల్‌మీన్స్ ఎంచుకుని అల్ట్రాలైట్ గానీ లైట్ గానీ పెడితే సైజు బాగా తగ్గుతుంది. వేగమూ బాగా పడిపోతుంది, అందుకు సిద్ధపడాలి. స్ట్రాంగ్ పెట్టారంటే పెళ్ళికూతురి మొహం మైనపు బొమ్మ.

జరీ అంచు మీద దువ్వెన గీతలు

ఎంటీఎస్ ఫైళ్ళలో, పాత డీవీడీలలో చాలావరకు బొమ్మ ఇంటర్‌లేస్డ్. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరుక్షణానివి. మనిషి కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి. పట్టుచీర జరీ అంచు మీద చూస్తే వెంటనే తెలుస్తుంది. ప్రీసెట్లలో ఇంటర్‌లేస్ డిటెక్షన్, డీకాంబ్ ముందే ఆన్‌లో ఉంటాయి కాబట్టి మీరు ముట్టుకోకపోతే ఈ గీతలు పోతాయి. మరి ఇబ్బంది ఎక్కడంటే, సెకనుకి 50 క్షణాల కదలిక 25కి పడుతుంది. బారాత్ డాన్సులో ఆ తేడా కళ్ళకి కొడుతుంది.

పాత నునుపు కావాలంటే డీఇంటర్‌లేస్ కింద ప్రీసెట్‌ని బాబ్ చెయ్యండి. అది ప్రతి క్షణాన్నీ ఒక ఫ్రేము చేసి సెకనుకి 50 ఇస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30, పీక్ (అంతకు మించకూడదు) అని ప్రీసెట్ పెట్టి ఉంచుతుంది. దాన్ని మార్చకపోతే బాబ్ తయారు చేసిన 50ని అది మళ్ళీ 30కి కోసేస్తుంది, కదలిక ఇంకా గతుకులు పడుతుంది. ఫ్రేమ్ రేట్‌ని సేమ్ యాజ్ సోర్స్ చేసి, లెవెల్ (ప్లేయర్ ఎంత బరువు మొయ్యాలో చెప్పే అంకె) 4.0 ఉన్నచోట 4.2 పెట్టండి. ఫుల్ హెచ్‌డీ 50 ఫ్రేములకి 4.0 చాలదు. పాత టీవీలు కొన్ని 4.2ని ఆడించలేవు. అలాంటి టీవీ ఉన్న ఇంటికైతే బాబ్ మానేసి 25 దగ్గరే ఆగడం మేలు.

ఫోన్ వీడియోలది ఇంకో తిక్క. వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తాను ఫ్రేముల వేగం మార్చేస్తుంది. చూడ్డానికి ఏ ఇబ్బందీ ఉండదు గానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పది నిమిషాలు గడిచేసరికి మాట వెనకబడుతుంది. ఫ్రేమ్ రేట్ కింద కాన్‌స్టెంట్ ఎంచుకుని 30 అని ఖాయం చేస్తే ఆ జబ్బు కుదురుతుంది. ఎడిటింగ్ కోసమే అయితే ప్రొడక్షన్ అనే ప్రీసెట్ల గుంపు వేరే ఉంది, అది వాడండి. ఫైళ్ళు పెద్దవవుతాయి, పర్లేదు. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే పద్ధతి) ఆన్‌లో పెట్టి తీసిన వీడియోని 8 బిట్ హెచ్.264కి మారిస్తే రంగులు వెలిసిపోయినట్టు రావచ్చు. హెచ్.265 10 బిట్ ఎంచుకోండి.

ఆటోమేటిక్ క్రాప్ బాగానే పనిచేస్తుంది, పెళ్ళి మిక్సింగుల్లో తప్ప. స్కాన్ చేసేటప్పుడు వీడియో మొత్తంలో పదే పది ఫ్రేములు చూసి నల్ల పట్టీ ఎంతుందో తేలుస్తుంది. ఆ పదిలో చీకటివి పడితే, లేక సగం వీడియో 4:3, సగం 16:9 ఉంటే, కొన్నిచోట్ల తలలు తెగుతాయి. డైమెన్షన్స్ ట్యాబ్‌లో క్రాపింగ్‌ని నన్ చేసేయండి. నాలుగు నల్ల గీతలు మిగిలితే కొంపేం మునగదు.

తెలుగు ఆడియో ఎటు పోయింది?

నాలుగైదు భాషల ఆడియో ఉన్న ఫైల్ ఇస్తే మామూలు ప్రీసెట్ మొదటి ట్రాక్ ఒక్కటే తీసుకుంటుంది. మొదటిది హిందీ అయితే మూడు గంటలు వండాక వచ్చేది హిందీ వీడియో. ఆడియో ట్యాబ్‌లో సెలెక్షన్ బిహేవియర్ తెరిచి భాషల్లో తెలుగు చేర్చి, మనకి కావలసినవన్నీ తీసుకునేలా మార్చి ప్రీసెట్‌గా దాచుకోండి. భాష ముద్ర లేకుండా అన్‌నోన్ అని ఉన్న ట్రాక్‌లకి ఇది పనిచెయ్యదు, వాటిని విని చేత్తో చేర్చాల్సిందే. మాటకి ఏఏసీ, స్టీరియో, 160 కేబీపీఎస్ అయితే ఏ టీవీ అయినా ఆడిస్తుంది. సౌండ్‌బార్ ఉన్నవాళ్ళు రెండో ట్రాక్‌గా ఏసీ3ని పాస్‌త్రూ పెట్టుకోవచ్చు.

తెలుగు సబ్‌టైటిళ్ళ దగ్గర దీనికి మంచి మార్కులే వెయ్యాలి. ఎస్‌ఆర్‌టీ ఫైల్‌ని చేర్చి బర్న్ ఇన్ టిక్ పెడితే అక్షరాలు బొమ్మలోనే కలిసిపోతాయి. టీవీల సొంత ప్లేయర్లలో తెలుగు ఫాంట్ లేక గళ్ళు గళ్ళుగా రావడం, ఒత్తులు విడిపోవడం మామూలే కనుక ఇదొక్కటే నమ్మకమైన దారి. నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైల్‌ని తెరిచి సేవ్ యాజ్‌లో యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి, లేకపోతే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటలున్న చోట ఒక నిమిషం తయారు చేసి ఒత్తులు సరిగా కూర్చున్నాయో చూసుకుని మిగతాది నడపండి. బర్న్ చేసింది మళ్ళీ తీయలేరు, ఒక వీడియోలో ఒక్క ట్రాకే బర్న్ అవుతుంది.

ఇంత సైజులోనే రావాలి అంటే ఆర్ఎఫ్ పనికిరాదు, బిట్‌రేట్ పెట్టాలి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా పంపొచ్చు. రెండు గంటల వీడియో అంటే 7200 సెకన్లు. 2 జీబీ అంటే సుమారు 1 కోటీ 60 లక్షల కిలోబిట్లు. భాగిస్తే సెకనుకి 2222. మాటకి 160 తీసేసి, కాస్త వెసులుబాటు ఉంచుకుని 2000 పెట్టండి. పక్కనే మల్టీ పాస్ టిక్ చేస్తే రెండుసార్లు చూసి, తలంబ్రాలకి ఎక్కువ, పురోహితుడి మంత్రాలకి తక్కువ పంచుతుంది. సమయం దాదాపు రెట్టింపు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఇంకోసారి పిండేస్తుంది, మీ శ్రమంతా వృథా. డాక్యుమెంట్‌గానే పంపండి. ఏవీ1 అనే కొత్త కోడెక్ ఎంపిక కూడా ఉంది, సైజు చిన్నగా వస్తుంది, కానీ అవతలి ఇంట్లో టీవీ దాన్ని ఆడించే భరోసా లేదు.

ఇరవై ఎంటీఎస్ ఫైళ్ళుంటే ఫోల్డర్‌ని వదిలి, యాడ్ ఆల్ కొట్టి, క్యూ పని అయ్యాక కంప్యూటర్ ఆగిపోయేలా వెన్ డన్ దగ్గర షట్‌డౌన్ పెట్టి పడుకోవచ్చు. కరెంటు నమ్మకం లేని చోట, అదీ యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే, ఎంపీ4 పెట్టకండి. ఎంపీ4కి విషయసూచిక చివర్లో రాస్తుంది. తొంభై శాతం అయ్యాక కరెంటు పోతే ఆ ఫైల్ తెరుచుకోదు, మధ్యలోంచి అందుకోవడం హ్యాండ్‌బ్రేక్‌కి రాదు, ఆ ఫైల్ మళ్ళీ మొదటికే. ఎంకేవీ అయితే కరెంటు పోయేదాకా వండింది చాలావరకు ప్లే అవుతుంది. పొద్దున లేచాక అన్నీ సవ్యంగా ఉంటే లాస్‌లెస్‌కట్‌లో ఎంపీ4 డబ్బాలోకి వంచేసుకోండి.